కౌమార వయసులో నిద్ర, తిండి - ఇంటర్నెట్ ప్రభావం



మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. మొదట ఆ సౌకర్యం లభించిన కొద్ది నగరాల్లో మద్రాసు ఒకటి. ఆ రోజుల్లో టెలిఫోను తీగ ద్వారా, ఎంతో ఖర్చు పెట్టి, ఓపికగా కాచుకుని వాడుకోవలసి వచ్చేది. తర్వాత వీధివీధినా నెట్ సెంటర్లు వెలిశాయి. గంటకు ఇంత అని చెల్లించి, పని ముగించుకుని, పిల్లవాడు ఇంటికి వచ్చేసేవాడు. సెంటరు తలుపు మూస్తే ఇంటర్నెట్ కూడా మూతపడినట్టే.

2016 సెప్టెంబరు తర్వాత డేటా ధర బాగా పడిపోయింది. 2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడగానే, పాఠాల కోసమని పెద్దలే పిల్లల చేతికి ఫోన్లు ఇచ్చారు. బడులు మళ్ళీ తెరుచుకున్నా, ఫోను మాత్రం పిల్లల చేతిలోనే నిలిచిపోయింది. ఇప్పుడు మూయడానికి దానికి తలుపు లేదు. అది పిల్లవాడితో పాటు భోజనానికి కూర్చుంటుంది, పిల్లవాడితో పాటు పడక ఎక్కుతుంది. అందుకే ఈ ప్రసంగంలో రెండు సంగతులు పరిశీలిద్దాం. ఒకటి నిద్ర, రెండవది తిండి. ఎదిగే పిల్లలకు ఈ రెండూ రెండు కళ్ళవంటివి.

ఇదంతా పట్నం పిల్లల బాధ, పల్లెటూళ్ళలో ఉన్న మనకెందుకు అని కొందరు శ్రోతలు అనుకోవచ్చు. 2024 సంవత్సరానికి సంబంధించిన 'అసర్' సర్వే కేవలం గ్రామీణ ప్రాంతాల్లో జరిపినది. అందులో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడటం తెలుసునని తేలింది. సర్వేకు ముందు వారంలో చదువు పనికి ఫోను వాడామన్నవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమాల కోసం వాడామన్నవారు 76 మంది. కాబట్టి ఇది చెన్నై నగరానికి ఎంత వర్తిస్తుందో ఊత్తుకోటకూ, పళ్ళిపట్టుకూ, సత్యవేడుకూ, నగరికీ అంతే వర్తిస్తుంది.

ముందుగా నిద్ర సంగతి చూద్దాం.

13 నుంచి 18 ఏళ్ళ వయసు పిల్లలు రోజుకు 8 నుంచి 10 గంటలు నిద్రపోవాలని అమెరికా నిద్ర వైద్యనిపుణుల సంస్థ 2016లో సూచించింది. మన ఇళ్ళలో ఈ మాట చెబితే, అంత నిద్ర సోమరితనం కదా అంటారు. పదో తరగతి పిల్లవాడు పది గంటలకే పడుకుంటే చదువు మీద శ్రద్ధ లేదంటారు. కానీ పగలు చదివిన పాఠం మనసులో స్థిరపడేది నిద్రలోనే. శరీరం పెరుగుదలకు అవసరమైన హార్మోను ఎక్కువగా ఊరేది కూడా గాఢనిద్రలోనే. అంటే నిద్ర చదువుకు తోడే గాని శత్రువు కాదు.

ఇక్కడ ప్రకృతి చేసే ఒక చిత్రం ఉంది. మన మెదడులో పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంది. చీకటి పడ్డాక అది మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఇక పడుకునే వేళయిందని శరీరానికి అందే కబురు అదే. చిన్నపిల్లల్లో ఈ కబురు పెందలాడే వస్తుంది. యుక్తవయసు రాగానే ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రజ్ఞురాలు దశాబ్దాల పాటు ఈ విషయం మీద పరిశోధన చేశారు. అందువల్ల పదిహేనేళ్ళ పిల్లవాడు రాత్రి తొమ్మిదికి నిద్ర రావడం లేదంటే, దానిని మొండితనమని కొట్టిపారేయకూడదు. అతని శరీరంలోని గడియారమే కాస్త వెనక్కి జరిగింది.

అలా వెనక్కి జరిగిన గడియారాన్ని ఫోను ఇంకా వెనక్కి నెడుతుంది. అది మూడు మార్గాల్లో జరుగుతుంది.

మొదటి మార్గం కాలం. ఒక వీడియో ముగియగానే రెండవది దానంతట అదే మొదలవుతుంది. పుస్తకానికి ఆఖరి పేజీ ఉంటుంది, సినిమాకు 'శుభం' కార్డు ఉంటుంది. ఈ తెరకు ఆఖరు లేదు. 'ఇంకొక్కటి' అనుకుంటూ ఉండగానే గంట గడిచిపోతుంది.

రెండవ మార్గం మనసు. ఆటలో గెలుపు ఓటములు, స్నేహితుల గుంపులో ఒకరు అన్న మాట, పెట్టిన ఫొటోకు ఎవరు స్పందించారు, ఎవరు స్పందించలేదు అన్న ఆరాటం, ఇవన్నీ మనసును కలవరపెడతాయి. ఫోను ఆపినా మనసు వెంటనే ఆగదు.

మూడవ మార్గం వెలుతురు. తెరల నుంచి వచ్చే కాంతిలో నీలి రంగు పాలు ఎక్కువ. ఆ నీలి కాంతి కంటిలో పడితే, ఇంకా పగలే ఉందని మెదడు భ్రమపడుతుంది. మెలటోనిన్ విడుదల తగ్గుతుంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో 12 మంది యువతీయువకులతో ఒక ప్రయోగం చేసి, 2014 చివరలో ఫలితాలు ప్రచురించారు. వారు ఐదు రాత్రులు కాగితపు పుస్తకం, ఐదు రాత్రులు కాంతి వెదజల్లే తెర మీద పుస్తకం చదివారు. తెర మీద చదివిన రోజుల్లో నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు అదనంగా పట్టింది. వారి శరీర గడియారం గంటన్నర దాకా వెనక్కి జరిగింది.

పది నిమిషాలే కదా అని శ్రోతలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే వెలుతురొక్కదానినే నిందించి, తెర రంగు మార్చే అద్దాలు కొనిపెట్టి ఊరుకుంటే ప్రయోజనం స్వల్పం. మొదటి రెండు మార్గాలూ, అంటే పోయిన కాలమూ, రేగిన మనసూ, ఎక్కువ నిద్రను తినేస్తాయి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. సూళ్ళూరుపేట వైపు నుంచి గాని, తిరుత్తణి వైపు నుంచి గాని లోకల్ రైలులో చెన్నైకి చదువుకోవడానికి వెళ్ళే విద్యార్థి తెల్లవారి 5:30కు లేవాలి. రాత్రి 12:30కు పడుకుంటే దక్కే నిద్ర 5 గంటలు. కనీసం 8 గంటలు కావాలి గనుక, రోజుకు 3 గంటల లోటు. ఆరు రోజులకు 18 గంటలు. అంటే వారానికి రెండు రాత్రులు పూర్తిగా కన్ను మూయకుండా ఉన్న దానికంటే ఎక్కువ. ఆదివారం పదకొండు దాకా పడుకుని ఈ బాకీ తీర్చబోతే, ఆ రాత్రి నిద్ర పట్టదు. సోమవారం మొదటి పీరియడులో తూగే తలలు ఎందుకు ఎక్కువో ప్రతి ఉపాధ్యాయుడికీ తెలిసిన విషయమే.

ఇప్పుడు తిండి సంగతికి వద్దాం.

నిద్రకూ ఆకలికీ సంబంధం ఏమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. మన శరీరంలో గ్రెలిన్ అనే హార్మోను 'ఆకలి' అని చెబుతుంది. లెప్టిన్ అనే హార్మోను 'ఇక చాలు' అని చెబుతుంది. చికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు, మరి రెండు రాత్రులు పదేసి గంటలు మాత్రమే పడకపై ఉండనిచ్చి పరీక్షించారు. ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. నిద్ర తగ్గినప్పుడు 'చాలు' అనే లెప్టిన్ 18 శాతం తగ్గింది. 'ఆకలి' అనే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. అంతేకాదు, వారి మనసు తీపి, ఉప్పు, పిండి పదార్థాల వైపు లాగింది. ప్రయోగం చిన్నదే అయినా, అది చూపిన దారి మన ఇళ్ళలో కనిపించేదే. రాత్రి పన్నెండు గంటలకు మేలుకున్న పిల్లవాడు ఉడికించిన శనగలు అడగడు. చిప్స్ ప్యాకెట్టో, రెండు నిమిషాల్లో తయారయ్యే నూడుల్సో, శీతల పానీయమో వెతుకుతాడు.

రెండవ సంగతి, తెర చూస్తూ తినడం. చూపు తెర మీద ఉన్నప్పుడు ఎంత తిన్నామో మనసు లెక్క పెట్టదు. అందువల్ల అప్పటికప్పుడు ఎక్కువ తింటాం. తిన్న జ్ఞాపకం సరిగా నిలవదు గనుక, కొంతసేపటికి మళ్ళీ ఏదో ఒకటి నోట వేసుకుంటాం. మరికొందరు పిల్లల్లో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఆట మధ్యలో లేవడానికి ఇష్టపడక, కంచంలో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోరు. సగం తిని చెయ్యి కడిగేస్తారు. ఎక్కువ తిన్నా, తక్కువ తిన్నా మూలం ఒకటే. కడుపు చెప్పే మాట చెవికెక్కడం లేదు.

మూడవది ప్రకటనల సంగతి. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉన్న పదార్థాలను బడిలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధనలు చేసింది. మంచి నిబంధనే. కానీ ఫోనులో కనిపించే పిజ్జాకు, బర్గరుకు 50 మీటర్ల హద్దు లేదు. అది పిల్లవాడి అరచేతిలోనే ఉంటుంది. వేలు నొక్కితే ఇంటికే తెచ్చి ఇస్తారు. ఇంకొక వైపు, మితిమీరి సన్నగా ఉండాలనీ, కండలు తిరిగి ఉండాలనీ చెప్పే వీడియోలు కూడా పిల్లల మనసులను కలచివేస్తాయి. వాటిని చూసి అన్నం మానేసే ఆడపిల్లలు, ఎవరో చెప్పిన పొడులు కొని తాగే మగపిల్లలు ఉన్నారు.

నాలుగవది ఉదయపు ఫలహారం. ఆలస్యంగా పడుకున్నవాడు ఆలస్యంగా లేస్తాడు. బస్సు తప్పిపోతుందని ఏమీ తినకుండా పరుగెత్తుతాడు. ఆకలితో ఉన్న పిల్లవాడికి పాఠం ఎక్కదన్న సత్యాన్ని ఈ నగరం చాలా కాలం క్రితమే గుర్తించింది. మన తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే ఏర్పాటు జరిగింది. తర్వాత 1956లో కామరాజ్ ప్రభుత్వం, 1982లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం ఆ పనిని రాష్ట్రమంతటా విస్తరించాయి. 2022 సెప్టెంబరులో తమిళనాడులో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు ఫలహార పథకం మొదలై, మరుసటి సంవత్సరం ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. అది ఐదవ తరగతి దాకా చదివే పిల్లల కోసం ఉద్దేశించినది. మనం మాట్లాడుకుంటున్న తొమ్మిది, పది, ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లల ఫలహారం, వారు ఎన్ని గంటలకు నిద్ర లేస్తారనే దాని మీదే ఆధారపడి ఉంది.

ఈ విధంగా ఒక చక్రం తయారవుతుంది. రాత్రి ఫోను వల్ల నిద్ర తగ్గుతుంది. నిద్ర తగ్గితే వేళకాని వేళ ఆకలి వేస్తుంది. అర్ధరాత్రి తిన్నది అరగక ఉదయం ఆకలి వేయదు. ఫలహారం మానేసి బడికి పోతే పదకొండుకల్లా నీరసం. ఆ నీరసం పోగొట్టుకోవడానికి సాయంత్రం రెండు గ్లాసుల కాఫీయో, శక్తినిస్తుందని చెప్పే పానీయమో తాగుతారు. కాఫీలోని కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరుకు తాగిన కాఫీ రాత్రి పదకొండుకు కూడా సగం పని చేస్తూనే ఉంటుంది. నిద్ర రాదు. నిద్ర రాకపోతే మళ్ళీ ఫోను.

అయితే శ్రోతలారా, తప్పంతా ఫోనుదే అని తీర్పు చెప్పేముందు కొంచెం ఆలోచించాలి. ఇంటర్నెట్ ఎక్కువ వాడే పిల్లల్లో నిద్ర తక్కువగా ఉందంటే, ఒకటి రెండవదానికి కారణమని వెంటనే చెప్పలేం. ఇంట్లో గొడవల వల్లనో, పరీక్షల భయం వల్లనో నిద్ర పట్టని పిల్ల, ఆ చీకటిలో తోడు కోసం ఫోను తీసి ఉండవచ్చు. అక్కడ ఫోను లాక్కుంటే బాధ తగ్గదు, ఉన్న ఒక్క తోడూ పోతుంది. ముందు ఆమెకు నిద్ర ఎందుకు రావడం లేదో మెల్లగా అడిగి తెలుసుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. చాలా ఇళ్ళలో ఉన్నది ఒక్కటే ఫోను. నాయన పని నుంచి తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. బడివారు ఆ రోజు పంపిన హోంవర్కు ఆ ఫోనులోనే ఉంటుంది. అక్కకు ప్లస్ టూ పాఠాల వీడియోలు, తమ్ముడికి హోంవర్కు, ఇద్దరిదీ ముగిసేసరికి పదకొండు. ఇటువంటి ఇంట్లో పిల్లలు మేలుకోవడానికి కారణం వ్యసనం కాదు, వసతి లేకపోవడం. కాబట్టి సాయంత్రం ఆరు దాటాక ఫోను ద్వారా ఇంటిపని పంపకూడదన్న నియమాన్ని ప్రతి బడీ పెట్టుకోవడం మంచిది. పని ఏదైనా తరగతిలోనే నోటుపుస్తకంలో రాయించి పంపితే, ఎందరో పిల్లలకు గంట నిద్ర మిగులుతుంది.

సరిహద్దు ప్రాంతాల మనకు ఫోను వల్ల కలిగే మేలు కూడా తక్కువేమీ కాదు. తమిళనాట చదివే తెలుగు పిల్లలకు తెలుగు పద్యం వినాలన్నా, తెలుగు కథ చదవాలన్నా, ఊళ్ళో ఉన్న అవ్వతో ముఖం చూస్తూ మాట్లాడాలన్నా అదే సాధనం. దాన్ని పారేయమని ఎవరూ చెప్పడం లేదు. దానికీ ఒక వేళ ఉండాలంటున్నాం, అంతే.

ఈ పని చట్టాలతో సాధ్యమవుతుందా? దక్షిణ కొరియా 2011లో, 16 ఏళ్ళ లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని చట్టం తెచ్చింది. దాని వల్ల పిల్లల నిద్ర పెరిగింది చాలా స్వల్పమని పరిశీలనల్లో తేలింది. 2022లో ఆ చట్టం రద్దయింది. తమిళనాడులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా నిలిపివేయాలని 2025లో నిబంధనలు వచ్చాయి. మద్రాసు హైకోర్టు ఆ జూన్‌లో వాటిని సమర్థించింది. ఆగస్టులో పార్లమెంటు అటువంటి డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించే చట్టం చేసింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల ఖాతాలు ఉండకూడదన్నది. చట్టాలు అవసరమే. కానీ రాత్రి పది గంటలకు మన ఇంటి పడకగదిలోకి ఏ పోలీసూ రాడు. అక్కడి చట్టం ఇంటివారే చేసుకోవాలి.

ఆ ఇంటి చట్టం ఎలా ఉండాలి? కొన్ని సూచనలు చెబుతాను.

మొదటిది, పడుకునే వేళకు గంట ముందు ఇంట్లోని ఫోన్లన్నీ ఒకే చోట పెట్టాలి. వంటింటి అరుగు కావచ్చు, దేవుడి గూటి పక్కన కావచ్చు. అన్నీ అంటే పెద్దలవి కూడా. నాయన పడక మీద వీడియోలు చూస్తూ, కొడుకును మాత్రం చూడవద్దంటే ఆ మాట చెల్లదు. ఉదయం లేవడానికి అలారం కావాలంటే, తక్కువ ఖర్చులో ఒక గడియారం కొనుక్కోవచ్చు.

రెండవది, భోజనం దగ్గర తెర వద్దు. టీవీ కూడా వద్దు. రాత్రి భోజనం ఎనిమిదికి అటూ ఇటూగా ముగిస్తే మంచిది. పదికి మళ్ళీ ఆకలి వేస్తే గ్లాసు మజ్జిగో, పాలో, ఒక అరటిపండో చాలు. సాయంత్రం బడి నుంచి రాగానే వేయించిన శెనక్కాయలు, బొరుగులు, ఉడికించిన అలసందలు వంటివి సిద్ధంగా ఉంటే, రాత్రి ప్యాకెట్ల మీదికి మనసు పోదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా అతిగా శుద్ధి చేసిన ప్యాకెట్ పదార్థాలను తగ్గించుకోమనే చెబుతున్నాయి.

మూడవది, సాయంత్రం నాలుగు దాటాక పిల్లలకు కాఫీ, టీ ఇవ్వకపోవడం మేలు.

నాలుగవది, ఉదయం లేవగానే పావుగంట సేపు ఎండలో తిరగాలి. రాత్రి వెలుతురు శరీర గడియారాన్ని వెనక్కి నెడితే, ఉదయపు వెలుతురు దానిని ముందుకు తెస్తుంది. సెలవు రోజున కూడా మామూలు వేళకు గంటకు మించి ఆలస్యంగా లేవకుండా చూసుకోవాలి.

ఐదవది, పిల్లల చేతనే లెక్క రాయించాలి. ఒక వారం పాటు ఎన్ని గంటలకు పడుకున్నాను, ఎన్ని గంటలకు లేచాను, ఉదయం ఏం తిన్నాను, ఫోను ఎంతసేపు చూశాను అని నాలుగు గళ్ళు గీసి నింపమనండి. వారం చివర ఆ కాగితాన్ని వారే చదువుకోవాలి. మనం వంద సార్లు చెప్పినా వినని మాట, సొంత చేతిరాతలో కనిపిస్తే ఆలోచింపజేస్తుంది. అది చూసి తిట్టడం, పక్కింటి పిల్లలతో పోల్చడం మాత్రం చేయవద్దు. తిడితే మరుసటి వారం అబద్ధపు లెక్క రాస్తారు.

ఇన్ని చేసినా మార్పు లేక, బడికి వెళ్ళనని మొరాయించడం, ఫోను తీసుకుంటే విపరీతమైన కోపం, తిండి పూర్తిగా మానేయడం, బరువు తగ్గడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమలులో ఉంది. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇటువంటి సమస్యల కోసమే 2014లో ప్రత్యేక విభాగం ప్రారంభించారు. అంతదూరం వెళ్ళలేనివారు 14416 అనే టెలిమానస్ నంబరుకు ఫోను చేయవచ్చు. తెలుగులోనూ, తమిళంలోనూ మాట్లాడేవారు ఉంటారు. డబ్బు చెల్లించనక్కరలేదు.

శ్రోతలారా, మన పెద్దలు పిల్లలకు ఆస్తులు ఇవ్వలేకపోయినా వేళకు అన్నం పెట్టారు, వేళకు దీపం ఆర్పారు. ఇంట్లో దీపం ఆర్పినా పిల్లవాడి దుప్పటి కింద మరొక దీపం వెలుగుతున్న కాలమిది. దానిని కేకలు వేసి ఆర్పలేం. ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలతో కూర్చుని, ఇంటిల్లిపాదికీ వర్తించే ఒక వేళను మాట్లాడి నిర్ణయించుకోండి. ముందుగా మీ ఫోను మీరు పక్కన పెట్టండి.